పొయ్యి గొట్టం పిక్కతొడుగులు

ఇలా దగ్గరికి జరగండి, వచ్చేటప్పుడు ఆ తలుపు కాస్త మూసి రండి. తుంపర ఇవాళ ఆగేలా లేదు. మాతే ఆకు కషాయం పోసిన ఈ బుర్ర మీ అందరి చేతులూ తిరిగి నా దగ్గరికి వచ్చేలోపల నిప్పుకోడి కథ చెప్పేస్తాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ముందే చెబుతున్నాను, ఇందులో ఒక కుక్క చచ్చిపోతుంది. నవ్వేటప్పుడు దాన్ని కూడా కాస్త తలుచుకోండి.

మా సెబొయాతి ఏటి పక్క చిత్తడి నేలల్లో లియోన్సియో ఫెరేరా అని ఒకడుండేవాడు. ఆ పేరుతో పిలిస్తే పిలిచింది ఎవర్నో అనుకుని అతను కూడా అటూ ఇటూ చూసేవాడు. ఊరందరికీ అతను నిప్పుకోడే. మనిషిలో మూడొంతులు కాళ్ళే మరి. నడుస్తుంటే కాళ్ళు ముందు వెళ్ళి, అక్కడ అంతా బాగుందని కబురు పంపాక మిగతా మనిషి బయలుదేరినట్టు ఉండేది. బజార్లో కొన్న ఏ ప్యాంటూ అతని మడమల్ని చూసిన పాపాన పోలేదు.

అతని భార్య ఎతెల్వీనా. మొగుడి మోచేతి దగ్గర ఆగిపోయే మనిషి. మాట కూడా అంతే పొట్టి. ఇంట్లో ఉన్న పొడుగు మాటలన్నీ ఆయనే వాడేస్తాడు గనక ఆవిడకి పొట్టివే మిగిలాయని మేము అనుకునేవాళ్ళం.

ఆ ఏడు గొర్రెలు ఈనే కాలమంతా వానే. మాకు చలి పోయి ఎండలు మొదలయ్యే సెప్టెంబరు వచ్చినా ఎండ మొహం చూపించలేదు. ఏరు పొంగి చిత్తడంతా నీళ్ళు నిండాయి. నీళ్ళొస్తే అందులో ఉండేవన్నీ మెరక వెతుక్కుంటాయి. తల మీద శిలువ గుర్తుండే పింజరి, మేము క్రుసేరా అంటాం, అది గడ్డి దుబ్బుల్లోకి చేరింది. అడవిపందేమో మా గొర్రెల దొడ్ల పక్కకి చేరింది.

ఆ పందికి మేము నోటరీగారని పేరు పెట్టాం. ఎవరింట్లో పుట్టుక జరిగినా, చావు జరిగినా తొందరపడకుండా వచ్చి తన వాటా తీసుకుపోయేది. గొర్రె ఈనిన వాసన తగిలితే చాలు, తడి ఆరని పిల్లని నోట కరుచుకుని, పెళ్ళి భోజనం చేసి వెళ్ళేవాడిలా నింపాదిగా గడ్డిలోకి వెళ్ళిపోయేది.

నిప్పుకోడికి ఒక నల్ల కుక్క ఉండేది. పేరు తిసోన్, అంటే కొరివి. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ కుక్కకి ఇంట్లో సొంత కుర్చీ ఉండేది. చుట్టాలొస్తే నిలబడే మాట్లాడి వెళ్ళాలి తప్ప ఆ కుర్చీ ఖాళీ చేయించే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక పొద్దున నోటరీగారు వీళ్ళ దొడ్లో వాటా తీసుకుని గడ్డిలోకి దూరింది. వెనకే తిసోన్ దూరింది. దాని వెనక నిప్పుకోడి పరుగెత్తాడు, గడ్డి అంచు దాకా. అక్కడ ఆగిపోయాడు. చిత్తట్లోకి దిగాలంటే మడమ నుంచి మోకాలి దాకా తోలు పిక్కతొడుగులు కట్టాలి. మా భాషలో పొలాయినాలు. అవి లేకపోతే కత్తిలాంటి ఆ గడ్డి ఒక పక్క, పాము పళ్ళు ఒక పక్క. అతని తొడుగులు ఇంట్లో మేకుకి వేలాడుతున్నాయి. తాళ్ళు అల్లి కట్టడానికి ఎక్కువసేపు పడుతుందని ఆ పొద్దున బద్ధకించాడు.

అంచు మీద నిలబడి కుక్కని పేరు పెట్టి పిలుస్తూ ఉన్నాడు. అది లోపలి నుంచి జవాబు చెబుతూ ఉంది. తరవాత చెప్పలేదు.

మర్నాడు నీళ్ళే దాన్ని ఒడ్డుకి చేర్చాయి. దొడ్డి వెనక టాలా ముళ్ళచెట్టు కింద పాతిపెట్టారు. ఎతెల్వీనా దాని కుర్చీ కడిగి మళ్ళీ పొయ్యి దగ్గరే పెట్టింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అది చూసినప్పుడల్లా నిప్పుకోడికి అంచు మీద నిలబడ్డ తన కాళ్ళే కనిపించేవి. అంత పొడుగు కాళ్ళు అవసరానికి ఒక్క అడుగు వెయ్యలేదు. నోటరీ నా చేతిలోనే చావాలి, నేను గడ్డిలోకి దిగి తీరాలి అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒంటరిగా ఆ పంది మీదికి వెళ్ళేవాడెవడూ లేడు, దిగడానికి దారి ఒకటే ఉంది. ఆదివారం పొద్దున్నే ఊళ్ళో పెద్దమనిషి డోన్ బాల్దొమెరో మనుషుల్ని కూడగట్టుకుని వేటకి వెళతాడు. బాల్దొమెరోని మేము శవజాగారం అనేవాళ్ళం. శుభోదయం చెప్పినా పరామర్శకి వచ్చినట్టే ఉండేది గొంతు. అతని తమ్ముడు కుర్రతనంలో ఆ చిత్తట్లోనే ఉత్త కాళ్ళతో దిగి పాము కాటుకి పోయాడు. అప్పట్నించి వేటకి బయలుదేరే ముందు వరసగా నిలబెట్టి, చేతికర్రతో ఒక్కొక్కరి పిక్క మీద కొట్టి చూసేవాడు. టొక్కుమంటే పద. మెత్తగా తగిలితే ఇంటికి పో. అది కన్నతండ్రి కాలైనా సరే.

నిప్పుకోడి ఆ శనివారం మేకు దగ్గరికి వెళ్ళాడు. మేకు ఉంది.

"నా పిక్కతొడుగులేవే?"

"మేకుకి లేవా?"

"మేకుకి మేకే ఉంది."

"అయితే అదే కట్టుకుపో."

"నువ్వే దాచావు."

"దాచాను."

కాదంటే ఎలా నిలదియ్యాలో అతను మేకు దగ్గర్నించి వస్తూ అనుకున్నాడు. అవునంటే ఏమనాలో అనుకోలేదు. ఎందుకని అడిగాడు.

"నీ కుడి మోకాలు పొద్దుగూకేసరికి పాత తలుపులా కిర్రుమంటుంది. అది వేసుకుని వెళితే పందికి నీ మీద జాలేస్తుంది. దాని సంగతి నేను చూసుకుంటాలే, ముసలోడా."

"నువ్వా? ఏం చేస్తావు, చీపురుతో కొడతావా?"

"చూసుకుంటానన్నాను కదా."

కుక్క పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె మాత్రం బంగాళదుంపల తొక్క తీసుకుంటూ కూర్చుంది.

ఆ వేట అతను లేకుండానే జరిగింది. పంది దొరకలేదు, ఇంకో రెండిళ్ళలో వాటా తీసుకుంది. అప్పట్నించి నిప్పుకోడికి ఇల్లు వెతకడమే పని. పరుపు విప్పాడు. పిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తెల్లగా బయటికి తీశాడు. అటక మీద అత్తగారి పెళ్ళినాటి టోపీ దొరికింది, దాన్నిండా ఎలుకలు కాపురం ఉన్నాయి. బావిలోకి గాలం వేశాడు. ఇక ఎతెల్వీనా కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలిందని ఆమెని లేవమన్నాడు. ఆమె లేచి, పొడుగు ఉన్ని పావడా సర్దుకుని పక్కన నిలబడింది. వెతకడానికి వీలుగా కుర్చీ తనే తిరగేసి పట్టుకుంది కూడా. దాని కింద చూయింగ్ గమ్ము ఒకటి అంటుకుని ఉంది. అంతే.

అరువు అడిగాడు. పేలాల సిల్వేరా అని ఒకడుండేవాడు, మాటలు పెనంలో పేలాల్లా ఎగిరి పడేవి, అతని దగ్గర ఒకటే జత. అది నిప్పుకోడి కాలికి పెడితే చీలమండకి కట్టు కట్టినట్టుంది. పేలాలు అది చూసి నవ్విన నవ్వుకి ఆ రోజంతా వాళ్ళ ఆవు పాలివ్వలేదు.

ఈ గొడవలో ఉండి అతను ఇంట్లో జరిగే మిగతావి చూసీ చూడలేదు. ఎతెల్వీనా చీకట్నే లేచి, కోళ్ళకి మేత వేసొస్తానని బకెట్టు నిండా మొక్కజొన్నలు పట్టుకుని వెళ్ళేది. బాగా ఎండపడే వేళకి వచ్చేది, అంటే ఎండ ఉంటే పడే వేళకి. దొడ్డికుండే పాత ఇనప గేటు ఒకటి ఎటో పోయింది. ఒకరోజు మాతే తాగుతూ, మన కోళ్ళు చిక్కిపోతున్నాయేమిటి, మొక్కజొన్న బస్తా కూడా చిక్కిపోతోంది అన్నాడు.

"దిగులు," అంది ఎతెల్వీనా.

అతను తలూపాడు. తనకీ అదే కదా జబ్బు. కోళ్ళకి ఉండకూడదా.

ఇంకో ఆదివారం దగ్గరికొస్తోంది. పొయ్యి ఎదురుగా కూర్చుని, ఖాళీ కుర్చీ వైపు చూడలేక చూపు పైకి తిప్పుకున్నాడు. అక్కడ గొట్టం కనిపించింది. ఇనప పొయ్యి మీంచి కప్పులోకి వెళ్ళే రేకు గొట్టం. నిటారుగా, గుండ్రంగా, పొడుగ్గా. దాన్ని చూస్తున్నకొద్దీ తన కాళ్ళలాగే కనిపించింది. దేవుడు తన కొలతలు తీసుకునే దాన్ని చేయించాడనిపించింది.

మర్నాడు భోజనం దగ్గర, ఆ గొట్టంలో మసి పేరుకుపోయింది, ఒకసారి విప్పి దులపాలి అని ఊరికే అన్నట్టు అన్నాడు. ఎతెల్వీనా గరిటె పక్కన పెట్టి అతన్ని చూసింది. ఎన్నేళ్ళ నుంచో తను మొత్తుకుంటున్న పని అది. సరే, దులుపు, అంది. ఒక గుడ్డు ఎక్కువ వేసింది. ఆ గుడ్డు అతను తల ఎత్తకుండా మొత్తం తిన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె బకెట్టు పట్టుకుని వెళ్ళగానే బల్ల ఎక్కాడు. గొట్టం రెండు ముక్కలు ఊడదీశాడు. ఏళ్ళ మసి ఒక్కసారిగా నెత్తిన పడింది. తుమ్మాడు. తుమ్మితే మిగిలిన మసి కూడా పడింది. రేకుల కత్తెరతో గొట్టాల్ని నిలువునా చీరి, విడదీసి, కాళ్ళు లోపల పెట్టి, కంచె తీగతో బిగించి కట్టాడు. లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వంగవు. తలుపు దాకా వెళ్ళడానికి చర్చి గంట ఊరేగించినంత సేపు పట్టింది, అంత చప్పుడూ అయింది. తిసోన్ కుర్చీ పక్కగా వెళుతూ ఒక్క క్షణం ఆగి, ఈసారి వెళుతున్నానురా అన్నాడు.

అతను మర్చిపోయిన విషయం ఒకటుంది. ముసురు పట్టినప్పుడు మా ఇళ్ళలో రేపటి కట్టెలు ఇవాళే పొయ్యి అరలో పేర్చి పెడతాం, అడుగున ఉన్న నిప్పు సెగకి రాత్రంతా ఆరతాయని. ఎతెల్వీనా అలాగే పేర్చి పెట్టింది. బూడిద కింద నిప్పు బతికే ఉంది. పైన గొట్టం మాత్రం లేదు.

చిత్తడి దగ్గర పొగమంచులో మనుషులు వరసగా నిలబడ్డారు. బాల్దొమెరో కర్ర పట్టుకుని వచ్చాడు. పేలాల సిల్వేరా పిక్క, టొక్. పక్కతని పిక్క, టొక్. నిప్పుకోడి పిక్క, ఠంగ్.

బాల్దొమెరో చెయ్యి దానంతటదే టోపీ మీదికి వెళ్ళింది. ఎక్కడో ఎవరో పోయారు, గంట కొట్టారనుకున్నాడు. రెండో కాలి మీద కొట్టాడు. అదీ ఠంగుమంది. పేలాలు నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు, అయినా మాటలు పక్కల నుంచి ఎగిరాయి. ఇందులో పులుసు ఎప్పుడు కాస్తావు, నీ మోకాళ్ళలోంచి పొగ వస్తుందా అని ఏవేవో అడిగాడు.

బాల్దొమెరో మాత్రం నవ్వలేదు. అతను నవ్వడం ఎవరూ చూసి ఎరగరు. చాలాసేపు ఆ కాళ్ళ వంక చూసి, "పాము పన్ను దిగదు," అన్నాడు నిదానంగా. "నియమం నియమమే. పద. కాకపోతే మాకు దూరంగా నడు, లియోన్సియో. ఆ పందికి చెవులున్నాయి."

ఆ పందికే కాదు, సరిహద్దు అవతల బ్రెజిల్లో ఉన్న పందులకి కూడా వినిపించి ఉంటుంది. నిప్పుకోడి ఒక్కో అడుగు వేస్తుంటే కొంగలు లేచిపోయాయి, బాతులు లేచిపోయాయి, కప్పలు నోరు మూసుకున్నాయి. అయినా అతని గుండె మాత్రం తేలికైంది. కత్తి గడ్డి రేకుకి గీసుకుని కీచుమంటోంది, కాలికి తగలట్లేదు. ఆ పొద్దున ఆగిపోయిన చోటు దాటాడు. దాటి కొంచెం దూరం వెళ్ళి, బురదలోకి దిగిపోయాడు.

దిగితే దిగాడు. గొట్టాల్లోకి పైనుంచి బురద నిండింది. నిండిన బురద బిగుసుకుంది. మోకాళ్ళ దాకా రెండు కంచె స్తంభాలు పాతినట్టు నిలబడిపోయాడు. అటు వంగలేడు, ఇటు తిరగలేడు. తుపాకి నెత్తిన పెట్టుకుని సాయం కోసం కేకేశాడు. బాల్దొమెరో వచ్చి చంకల కింద చేతులు వేసి లాగాడు. నడుం దాకా మనిషి వచ్చేలా ఉన్నాడు, కింద మాత్రం బురద వదలనంటోంది.

అప్పుడే పేలాల సిల్వేరా మాటలు ఆగిపోయాయి. అతను మాట్లాడటం మానేశాడంటేనే అందరికీ భయం వేసింది. దూరంగా, మంచు మీంచి, నిప్పుకోడి ఇంటి వైపు పొగ లేస్తోంది. కప్పులోంచి వచ్చే వంట పొగలా లేదు. కిటికీల్లోంచి, తలుపులోంచి, లావుగా, నల్లగా వస్తోంది.

నిప్పుకోడికి తడి కట్టెలు గుర్తొచ్చాయి.

ఆ వేళకి ఎతెల్వీనా కోళ్ళ దగ్గర్నించి వచ్చేస్తుంది. ఆదివారం రొట్టె కాలుస్తుంది. తలుపు బిగుసుకుపోయే తలుపు, ఎప్పట్నించో బాగు చెయ్యాలనుకుంటున్నాడు. పేలాలు ఇంటివైపు పరుగందుకున్నాడు. బాల్దొమెరో ఇంకా లాగుతున్నాడు. నిప్పుకోడి బురదలోకి చేతులు పెట్టి తీగ ముడులు వెతికాడు, దొరకలేదు. రేకుల్ని పిడికిళ్ళతో గుద్దాడు. పంది అతనికి గుర్తులేదు. కుక్క కూడా గుర్తులేదు. మళ్ళీ అదే, ఒకరు లోపల ఉన్నారు, తను బయట నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎతెల్వీనా, ఎతెల్వీనా అని. ఈసారి జవాబు కూడా రావట్లేదు.

ఎంతసేపు పిలిచాడో అతనికే తెలియదు. గొంతు పోయింది. అప్పుడు గడ్డి కదిలింది.

ఎతెల్వీనా వచ్చింది. పావడా నడుం దగ్గర దోపుకుని, మోకాళ్ళ దాకా బురద పూసుకుని, మొహం బొగ్గులా చేసుకుని, ఆ కత్తి గడ్డిలోంచి తన పెరట్లోంచి వచ్చినట్టు నడిచి వచ్చింది. వెనక గడ్డి అంచున పేలాలు ఒగరుస్తూ నిలబడ్డాడు. పొగ ఎతెల్వీనాకీ కనిపించిందట. పరుగెత్తి కట్టెలు లాగి వానలో పారేసిందట. ఇల్లు నల్లబడింది గాని అంటుకోలేదని పేలాలు అక్కడి నుంచే కేకేసి చెప్పాడు.

"ముసలోడా, నా గొట్టమేది?"

"బతికే ఉన్నావా?"

"నేనున్నాను. రొట్టె లేదు. గొట్టమేది?"

"కాళ్ళకి."

ఆమె బురద వంక చాలాసేపు చూసింది. "రెండూనా?"

"కాళ్ళు రెండు కదే."

ఆమె ఏప్రాను జేబులోంచి పటకారు తీసి, బురదలోకి చెయ్యి పెట్టి, తీగలు కటుక్కు కటుక్కుమని తెంపింది. బాల్దొమెరో లాగాడు. మనిషి వచ్చాడు, బూట్లు రాలేదు. తరవాత ఆమె గొట్టాలు ఒక్కొక్కటీ ఊడపెరికి, బురద వంపి, చంకలో పెట్టుకుంది. కోళ్ళకి మేత వేసే మనిషి జేబులో కంచె పటకారు ఎందుకున్నట్టు అని నిప్పుకోడికి అప్పుడు తోచింది, కానీ అడిగే మొహం లేదు.

"ఎలాగూ ఇంత దూరం వచ్చారు," అంది ఆమె. "రండి, నోటరీగారు ఎదురుచూస్తున్నారు."

ఉత్త కాళ్ళవాణ్ణి అడుగు వెయ్యనివ్వనని బాల్దొమెరో కర్ర అడ్డం పెట్టాడు. మళ్ళీ తనే కర్ర తీసేశాడు. ఇది ఇక నా వేట కాదు, ఆవిడ వేట, నియమం ఆవిడ చెప్పాలి అన్నాడు. తన అడుగులో అడుగు వెయ్యమంది ఎతెల్వీనా. కోడిపెట్ట వెనక నిప్పుకోడి బయలుదేరినట్టు, ఆ పొట్టి అడుగుల్లో తన పొడుగు కాళ్ళు ముడుచుకుంటూ అతను వెనకే నడిచాడు. పేలాలు కూడా వచ్చి వరసలో కలిశాడు.

మెరక మీద, గడ్డి చాటున, గుంజలు పాతి తీగ చుట్టిన చిన్న దొడ్డి ఉంది. దానికి తలుపు, పోయిందనుకున్న పాత ఇనప గేటు. పైకి ఎత్తి పెట్టి, లోపల మొక్కజొన్నలు చల్లి, నోరు పెట్టగానే కింద పడేలా కట్టింది. పందిని రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసింది. మొదట బయట చల్లింది, తరవాత గడప మీద, తరవాత లోపల. కోళ్ళ తిండి తిని తిని నోటరీగారు లోపల పడుకుని ఉన్నారు. మనుషుల్ని చూసి ఒక్కసారి గుర్రుమంది. దాని కోర మీద నల్లటి వెంట్రుకలు ఇంకా అంటుకుని ఉన్నాయని నిప్పుకోడికి అనిపించింది. నిజంగా ఉన్నాయో లేవో నాకు తెలియదు.

"నీ తుపాకి బాగానే ఉంది కదా," అంది ఎతెల్వీనా. "తిసోన్ తరఫున నువ్వే కానియ్యి."

అతను తుపాకి ఎత్తాడు. గురి చూస్తే కళ్ళ ముందు గేటు. గేటుకి మడతబందులు తోలువి. మందమైన గోధుమరంగు తోలు. దాని మీద కాల్చిన అచ్చు, అతని తండ్రి పశువులకి వేసే ఎఫ్ గుర్తు. ఆ తోలు ఎక్కడిదో అతనికి తెలుసు. తండ్రి ఇచ్చిన జత అది. పై అంచున ఆ గుర్తు ఉండేది.

తుపాకి దించాడు. మెల్లగా భార్య కాళ్ళ వంక చూశాడు.

తుపాకి పక్కన పెట్టాడు. కిర్రుమనే మోకాలి మీద కూలబడి, తడి గడ్డి పీకి, ఆమె కాళ్ళ మీది బురద తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తుంటే పిక్కతొడుగులు బయటపడ్డాయి. పైనుంచి జానెడు కోసేసి, ఆమె కొలతకి కుట్టేసి, తాళ్ళు అల్లి బిగించిన తొడుగులు. బావిలో గాలం వేసి వెతికినవి. కుర్చీ తిరగేసిన రోజున కూడా ఆ పావడా కిందే ఉన్నాయి. ఇక జన్మలో తన కాలికి పట్టవు.

"కోసేశావా?" అన్నాడు.

"నాకు తొడల దాకా వచ్చేవి. ఎలా నడవను?"

ఎడమ కాలి తొడుగు తుడుస్తూ తుడుస్తూ అతని చెయ్యి ఆగిపోయింది. మడమకి కొంచెం పైన, పక్కపక్కనే, రెండు చిన్న చిల్లులు. చుట్టూ పసుపుగా ఏదో కారి ఎండిపోయి ఉంది.

బాల్దొమెరో వంగాడు. కర్రతో ఆ చిల్లుల పక్కన మెల్లగా కొట్టాడు. టొక్. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. జాగారాల్లో తప్ప అతను టోపీ తియ్యడు.

"ఎప్పుడమ్మా?"

"పోయిన వారం, డోన్ బాల్దొమెరో. అది నన్ను చూసుకోలేదు, నేను దాన్ని చూసుకోలేదు. తోలులో పన్ను ఇరుక్కుని కాసేపు వేలాడింది. తరవాత దాని దారిన అది పోయింది."

"నాకు చెప్పలేదేం?" అన్నాడు నిప్పుకోడి, కింద నుంచి. గొంతు ఇంకా బొంగురే.

"చెప్తే పందిని వదిలేసి పాముని వెతుక్కుంటూ పోతావు. అదీ ఉత్త కాళ్ళతో." ఇంకో మాట కూడా అంది. "ఆ పొద్దున నేను గుమ్మంలోనే ఉన్నాను, ముసలోడా. కుక్క అరుపు నాకూ వినిపించింది. నువ్వు అంచున ఆగావు, ఆగినందుకు నేను నా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అందుకే ఇవి దాచాను."

అతను తుపాకి బాల్దొమెరో చేతికిచ్చి, ఆ కాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తుపాకి మోగినప్పుడు కూడా తల తిప్పి చూడలేదు. అన్ని రోజులు ఆ ఒక్క చప్పుడు కోసమే బతికిన మనిషి.

తరవాతేముంది. పందిని ఊరంతా పంచుకున్నాం, నిప్పుకోడి వాటా సాసేజిలు చేశారు. అన్నీ పొగ వాసనే అని అతను, పొగ ఎవరిది అని ఆవిడ. పేలాల సిల్వేరా ఈ కథని చిత్తడికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నిటికీ మోశాడు. నిప్పుకోడి ఎక్కడికి వెళ్ళినా అక్కడివాళ్ళు చేతికర్రతో అతని పిక్క మీద ఒకసారి కొట్టి చూసేవాళ్ళు. అతను తలొంచుకుని కొట్టించుకునేవాడు. బాల్దొమెరో వేటకి ఆ ఇంటి నుంచి మనిషి కావాలంటే ఎతెల్వీనాకే కబురు పంపేవాడు. నిప్పుకోడికి ఇంట్లో పొయ్యి చూసుకునే పని.

గొట్టాన్ని మళ్ళీ ఎక్కించారు. చీరిన చోట ఎంత తీగ చుట్టినా అతుకు కలవలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ సన్నగా పొగ. వెళ్ళినవాళ్ళకి కళ్ళు నీళ్ళు కారేవి. తిసోన్ కుర్చీ పొయ్యి పక్కనే ఉండేది గనక, ఆ ఇంట్లో ఎవరి కళ్ళు ఎందుకు కారుతున్నాయని ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

ఒకటి మాత్రం నేను కళ్ళారా చూశాను. చీకట్నే ఆమె వేటకి బయలుదేరే ముందు అతను ఆ పాడు మోకాలి మీద కూర్చుని, పిక్కతొడుగుల తాళ్ళు ఒక్కొక్క కన్నంలోంచి లాగి కట్టేవాడు. చాలాసేపు పట్టేది. బిగించి చంపుతున్నావని ఆవిడ విసుక్కునేది. అతను విప్పి మళ్ళీ మొదట్నించి కట్టేవాడు.

ఇంతే కథ. మాతే నా దగ్గరికి వచ్చేసింది. నేను పోయాక దీన్ని ఇంకెవరికైనా చెప్పండి. గొట్టం దగ్గర నవ్వించండి, పరవాలేదు. ఆ రెండు చిల్లులు మాత్రం మర్చిపోకుండా చెప్పండి. కుక్క పేరు తిసోన్.